వలకన్ను

కల్సోయ్ పడవలో ఆ ఉదయం ఆరుగురం,
నాలుగు గొర్రెలు, నా పనిముట్ల సంచి.
వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతోంది.

రాత్రి మూడూ నలభైకి
రోగ్వి వంటింట్లో దీపం వెలుగుతోందని
ఫిర్యాదు చేసింది రోగ్వి కాదు,
ఎదురింటి సోల్రున్.
ఆ వెలుగు నేరుగా తన దిండు మీద పడుతుందట.

నలభై ఏళ్ళు వలలు బాగుచేసిన మనిషి.
రౌటర్ ఎక్కడుందంటే బీరువా వెనక్కి వేలు చూపించాడు.
దుమ్ము తుడిచాను.
అడుగున అంటించిన కాగితం అలాగే ఉంది,
ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ అలాగే ఉంది.
"తాళంచెవి గుమ్మానికే వేలాడదీశారు" అన్నాను.
"ఈ ఊళ్ళో తాళాలెవరు వేస్తారమ్మాయ్" అన్నాడు.

నిజమే. కానీ ఈ గుమ్మం
ఈ ఊళ్ళోకి తెరుచుకునేది కాదు.

గోడలకి చెవులున్న కాలం పోయింది,
ఇప్పుడు ఫ్రిజ్‌కి ఉన్నాయి.
ఇంట్లో ఏమేం ఉన్నాయో చెప్పమన్నాను.
హీట్ పంపు, టీవీ, బీపీ మిషను,
గొర్రెల కొట్టంలో కెమెరా.
చాలాసేపటికి,
ఆర్మ్‌గార్డ్ కొనిపెట్టిన దీపం.

లాగ్ తెరిచాను.
ప్రతి రాత్రీ అదే వేళకి ఏదో లోపలికొస్తోంది,
రెండు నిమిషాలుండి వెళ్ళిపోతోంది.
దొంగ కాదు, బహుశా మనిషే కాదు.
ఎక్కడిదో ఒక యంత్రం,
ప్రపంచంలో గడియ లేని తలుపులన్నీ
వరసగా తోసుకుంటూ పోయేది,
దారిలో తగిలిన దీపాన్ని
వెలుగుతుందో లేదో చూసి పోయేది.

వింటూ రోగ్వి కప్పు బల్లమీద పెట్టాడు.
పెట్టి, కాస్త పక్కకి జరిపాడు.
మళ్ళీ జరిపాడు.

"నవంబరు నుంచీ ఆ వేళకి లేస్తున్నాను.
ఆ దీపం ఆర్పడం ఆవిడకి ఎప్పుడూ గుర్తుండేది కాదు.
ఇప్పుడూ మరిచిపోయిందేమో అనుకుని,
లేచి కాఫీ పెట్టుకుంటున్నాను."

పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను.
దీని తరవాత ఏం చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు.

పని చేశాను.
బయటినుంచి వచ్చే దారి మూశాను.
పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది ఎక్కించాను.
దీపానికీ కెమెరాకీ వేరే దొడ్డి కట్టాను,
బ్యాంకు లెక్కలున్న ఫోనుకి వేరే దొడ్డి,
పొట్టేళ్ళనీ పిల్లల్నీ చలికాలం విడదీసినట్టు.

"కన్ను ఎంత పెట్టావు?" అన్నాడు.
"ఏ కన్ను?"
"వలకన్ను. నీళ్ళు పోవాలి కదా,
ఎంత చేప ఆగాలి?"
ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

కొత్త పాస్‌వర్డ్ మీరే పెట్టండి, పొడుగ్గా,
పుట్టినరోజు వద్దు, పేరు వద్దు,
నాకు కూడా చెప్పొద్దు, అని
కిటికీ వైపు తిరిగాను.
వెనక ఒంటి వేలి టకటక.
ఆగడం.
మళ్ళీ టకటక.
ఒక పడవ వచ్చి, సరుకు దించి, వెళ్ళిపోయింది.
తిరిగేసరికి తెర మీద ఇరవయ్యారు చుక్కలు,
ముడి తరవాత ముడి.

వారం తరవాత ఫోన్ చేశాడు.
దీపం వెలగడం లేదట.
తెల్లారిందాకా నిద్రపోతున్నాడట.
ఫిర్యాదో, కృతజ్ఞతో
గొంతును బట్టి పోల్చుకోలేకపోయాను.
కాసేపు గాలి చప్పుడు విన్నాం ఇద్దరం.
తరవాత అడిగాడు,
ఆ దీపానికి టైమర్ ఎలా పెడతారని.

చెప్పాను: గడియారం బొమ్మ నొక్కండి,
గంట ఎంచుకోండి, నిమిషం ఎంచుకోండి.
ఎన్నింటికి పెట్టాడో నేనడగలేదు.
చూసే వీలూ లేదు,
ఆ రోజు పడవెక్కే ముందే
లోపలికి రాగలిగినవాళ్ళ జాబితాలోంచి
నా పేరు నేనే కొట్టేశాను.

సోల్రున్ మటుకు
కొత్త కర్టెన్లు కొనుక్కుందని విన్నాను.